పట్టుచీర ఎరుపు ఆల్బమ్‌లో వెలిసిపోతే గ్రాఫిక్స్ కార్డు కొనాలా?

ప్రశ్న: ఉప్పల్‌లో మా ఇంట్లోనే చిన్న ఎడిటింగ్ స్టూడియో నడుపుతున్నాం. మా ఆయన పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తారు. ఎడిటింగ్, ఆల్బమ్ డిజైన్ నేను చూసుకుంటాను. ఈమధ్య ఒక ఆల్బమ్ ప్రింటై వచ్చాక చూస్తే ముఖాలు ముదురుగా ఉన్నాయి. పెళ్ళికూతురి ఎర్ర గద్వాల పట్టుచీర ఇటుక రంగులోకి దిగిపోయింది. వాళ్ళమ్మగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ల్యాబ్‌లో అడిగితే మీ మానిటర్ చూసుకోండి అన్నారు. కంప్యూటర్ షాపులో అడిగితే గ్రాఫిక్స్ కార్డే లేదు కదా మేడం, రంగులు కరెక్ట్‌గా ఎలా వస్తాయి అన్నారు. మాది 12వ తరం ఐ5, 16 జీబీ ర్యామ్, ఏడేళ్ళ నాటి 22 అంగుళాల మానిటర్. కస్టమర్లకు చూపించడానికి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఒక టీవీ కూడా పెట్టాం. అందులో రంగులు మళ్ళీ వేరేగా కనిపిస్తాయి. తెలిసినాయన చెప్పారని కెమెరాలో అడోబీ ఆర్‌జీబీ పెట్టుకున్నాం. కంప్యూటర్ ఉన్న గది పడమటి వైపు, పక్కనే కిటికీ. 80 వేలు దాచాం. ఏ కార్డు తీసుకోమంటారు? 10-బిట్ ఉండాలా? సెకండ్ హ్యాండ్ అయినా ఫరవాలేదా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

సమాధానం: ముందుగా డబ్బు సంగతి. ఆ 80 వేలు ఇప్పుడే కార్డు మీద పెట్టకండి. ముఖాలు ముదురుగా రావడం, ఎరుపు చచ్చిపోవడం, టీవీలో ఇంకోలా కనబడటం, ఈ మూడింటిలో ఒక్కటి కూడా కార్డు లేకపోవడం వల్ల వచ్చింది కాదు. కార్డు తెచ్చి పెట్టుకున్నా రాబోయే ఆల్బమ్ కూడా అలాగే వస్తుంది. అప్పుడు డబ్బూ పోతుంది, మీ పని మీద మీకున్న నమ్మకమూ పోతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఫోటోలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. 8-బిట్ ఫోటోలో ఒక్కో అంకె 0 నుంచి 255 వరకు ఉంటుంది. ఫోటోషాప్ లెక్కగట్టి ఇచ్చిన ఆ అంకెల్ని గ్రాఫిక్స్ భాగం కేబుల్ గుండా మానిటర్‌కి చేరవేస్తుంది. ఎరుపు 200 అని వస్తే 200 అనే పంపుతుంది. మీ ఐ5 ప్రాసెసర్‌లోనే ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్ పంపినా, లక్ష రూపాయల కార్డు పంపినా ఆ 200 మారదు. పోస్ట్‌మ్యాన్ మారినంత మాత్రాన ఉత్తరంలో రాత మారదు కదా. ఆ 200కి ఎంత వెలుగు ఇవ్వాలో, అది ఏ రకం ఎరుపో తేల్చేది మానిటర్. ఆ మానిటర్‌ని మీ కన్ను ఎలా చదువుతుందో తేల్చేది గదిలో వెలుతురు. మీ ఫైల్‌లోని అంకెల్ని ల్యాబ్ ఎలా అర్థం చేసుకోవాలో చెప్పేది ఫైల్‌తో పాటు వెళ్ళే ప్రొఫైల్. మీ తేడాలన్నీ ఈ మూడు చోట్లే ఉన్నాయి.

ముఖాల సంగతి చూద్దాం. మానిటర్లు పెట్టెలోంచి తీసినప్పుడు చాలా ఎక్కువ వెలుగుతో ఉంటాయి. 250 నుంచి 350 నిట్‌ల (స్క్రీన్ వెలుగుని కొలిచే యూనిట్) దాకా వెళ్ళేవి మామూలే. ప్రింట్ కోసం ఎడిట్ చేసేవాళ్ళు 80 నుంచి 120 నిట్‌ల మధ్య పెట్టుకుంటారు. కాగితానికి సొంత వెలుగు లేదు. గదిలో ఎంత వెలుతురు పడితే అంతే తిప్పి పంపుతుంది. మానిటర్ వెలుగు ఎక్కువగా ఉంటే స్క్రీన్ మీద ముఖం మెరిసిపోతూ కనిపిస్తుంది. మీరు సహజంగానే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గిస్తారు, లేదా చీకటిగా ఉన్న ఫోటోని బాగానే ఉందనుకుని వదిలేస్తారు. అదే ఫైల్ కాగితం మీదకి వచ్చేసరికి ముఖం ముదురైపోతుంది. ప్రింట్ ముదురుగా వచ్చిందన్న ఫిర్యాదుకి ఎక్కువసార్లు కారణం ఇదే.

మీ పడమటి కిటికీ దీనికి తోడైంది. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ గదిలోకి కొడుతున్నప్పుడు స్క్రీన్ వెలవెలబోతుంది. అప్పుడు ఎడిట్ చేసిన ఫోటోలకి మీరు వెలుగు పెంచుతారు. రాత్రి లైటు తగ్గించి కూర్చుని చేసినవాటికి తగ్గిస్తారు. ఆ ఆల్బమ్ ఇంకా మీ దగ్గర ఉంటే పగలు చేసిన పేజీలూ రాత్రి చేసిన పేజీలూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే కిటికీకి మందపాటి పరదా వేయాల్సిందే. పరదా, గోడ రెండూ వీలైనంత వరకు రంగులేనివి ఉండాలి. లేత బూడిద రంగు అయితే మంచిది. మన ఇళ్ళలో ఇష్టపడి వేయించుకునే గులాబీ, పిస్తా రంగు గోడల మీద పడిన వెలుతురు మీ కంటిని తప్పుదారి పట్టిస్తుంది.

పైసా ఖర్చు లేకుండా రేపే ఒక పని చేయండి. ఉదయం ఎండ నేరుగా పడని వెలుతురులో, ల్యాబ్ నుంచి వచ్చిన ప్రింట్‌లో తెల్లగా ఉన్న అంచుని మానిటర్ పక్కన పట్టుకోండి. మానిటర్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరవండి. రెండు తెలుపులూ దాదాపు ఒకేలా అనిపించేదాకా మానిటర్ బటన్లతో బ్రైట్‌నెస్ తగ్గించుకుంటూ రండి. మొదటి రెండు రోజులు స్క్రీన్ మరీ డల్‌గా ఉందనిపిస్తుంది, తర్వాత కన్ను అలవాటు పడుతుంది. ఇప్పుడు అదే ఆల్బమ్ ఫైల్ తెరిచి చూస్తే ప్రింట్‌లో కనిపించిన ముదురు ముఖాలే స్క్రీన్ మీదా కనిపించాలి. అలా కనిపిస్తే ముఖాల సమస్య మూలం దొరికినట్టే.

ఇక చీర ఎరుపు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఆ అడోబీ ఆర్‌జీబీ మాట. ఎస్‌ఆర్‌జీబీ అనేది రంగుల్ని అంకెల్లో రాయడానికి హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ప్రతిపాదించిన కొలమానం. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. అడోబీ ఆర్‌జీబీ 1998లో వచ్చింది, రంగుల పరిధి దానికంటే పెద్దది, ముఖ్యంగా ఆకుపచ్చ వైపు. పెద్దది కాబట్టి మంచిదని చాలామంది కెమెరాలో అదే పెట్టేస్తారు. అయితే ఒకే రంగుని ఈ రెండూ వేర్వేరు అంకెలతో రాస్తాయి. ఎస్‌ఆర్‌జీబీలో ఎరుపు 255 అని రాసే నిండు ఎరుపుని అడోబీ ఆర్‌జీబీలో 219 అని రాస్తారు. మీరు పంపిన ఫైల్‌లో ప్రొఫైల్ జారిపోయినా, ల్యాబ్ సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకోకపోయినా, ఆ 219ని ఎస్‌ఆర్‌జీబీ అంకెగానే చదువుతుంది. నిండు ఎరుపు కాస్తా ముదిరి, నిగారింపు పోయి ఇటుక వైపు వాలుతుంది. చర్మం రంగు కూడా నీరసంగా, జీవం లేనట్టు అవుతుంది. మీరు రాసిన లక్షణాలు దీనికి సరిగ్గా సరిపోతున్నాయి.

పరీక్షించడం తేలికే. ల్యాబ్‌కి పంపిన జేపెగ్‌లలో ఒకటి ఫోటోషాప్‌లో తెరిచి, కింద పట్టీలో డాక్యుమెంట్ ప్రొఫైల్ ఏముందో చూడండి. అడోబీ ఆర్‌జీబీ అని ఉన్నా, అసలు ప్రొఫైల్ లేదని ఉన్నా అనుమానం బలపడినట్టే. ఇకమీదట లైట్‌రూమ్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీ పెట్టండి. ఫోటోషాప్‌లో అయితే ఎడిట్ మెనూలో కన్వర్ట్ టు ప్రొఫైల్ వాడండి. దాని పక్కనే అసైన్ ప్రొఫైల్ అని ఇంకోటి ఉంటుంది, దాని జోలికి పోకండి. కన్వర్ట్ చేస్తే రంగు అలాగే ఉండి అంకెలు మారతాయి. అసైన్ చేస్తే అంకెలు అలాగే ఉండి పైన పేరు మాత్రం మారుతుంది, కాబట్టి రంగే తప్పిపోతుంది. మీ ఆయన రా ఫార్మాట్‌లో (కెమెరా సవరించకుండా దాచే ఫైల్) తీస్తుంటే కెమెరాలోని కలర్ స్పేస్ సెట్టింగ్ ఆ రా ఫైల్‌ని మార్చదు. జేపెగ్ తీస్తే మాత్రం కెమెరాలోనే ఎస్‌ఆర్‌జీబీకి మార్చేయమనండి. ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ నుంచి చివరి పేజీలు బయటికి తీసేటప్పుడు కూడా ప్రొఫైల్ ఎంబెడ్ అయ్యిందో లేదో చూసుకోండి. మధ్యలో జారిపోయేది ఎక్కువగా అక్కడే.

ఇవన్నీ సరిచేసినా కొన్ని ఎరుపులు కాగితం మీదకి పూర్తిగా రావని తెలుసుకోండి. ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళలో స్టేజీ మీద రంగురంగుల ఎల్‌ఈడీ లైట్లు, వెనక ఎల్‌ఈడీ వాల్ మామూలైపోయాయి. ఎర్ర చీర మీద ఎర్ర ఎల్‌ఈడీ పడిందంటే ఎరుపు చానెల్ 255కి వెళ్ళి అతుక్కుపోతుంది. చీర మొత్తం ఒకే ముద్దలా అయి జరీ, నేత గీతలు కనిపించకుండా పోతాయి. హిస్టోగ్రామ్‌లో (ఫోటోలో వెలుగు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫ్) ఎరుపు గీత కుడి గోడకి కొట్టుకుంటుంటే అదే సూచన. అలాంటి ఫోటోలో మొత్తం శాచురేషన్ తగ్గించకండి, ముఖాలు కూడా పాలిపోతాయి. ఎరుపు ఒక్కదాని శాచురేషనూ ల్యూమినెన్సూ కాస్త తగ్గించి చూడండి. స్క్రీన్ మీద రంగు కొంచెం తగ్గినట్టుంటుంది, ప్రింట్‌లో మాత్రం నేత కనిపిస్తుంది. ఆ తల్లిగారు చీరలో చూసుకోవాలనుకున్నది ఆ నేతనూ ఆ అంచునూ కదా.

మీ ల్యాబ్ వాళ్ళని వాళ్ళ పేపర్‌కి ఐసీసీ ప్రొఫైల్, అంటే ఆ కాగితం మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైల్, ఇవ్వమని అడగండి. ఇస్తే లైట్‌రూమ్ డెవలప్‌లో ఎస్ మీట నొక్కి, ఫోటోషాప్‌లో అయితే వ్యూ మెనూలోని ప్రూఫ్ సెటప్‌లో ఆ ప్రొఫైల్ ఎంచుకుని కంట్రోల్, వై కలిపి నొక్కి, ప్రింట్ ఎలా వస్తుందో ముందే చూడొచ్చు. దీన్నే సాఫ్ట్ ప్రూఫింగ్ అంటారు. ఇవ్వకపోతే ఆల్బమ్ మొత్తం వేయించే ముందు నాలుగు ఫోటోలు టెస్ట్ ప్రింట్ తీయించండి: ఒక ముఖం దగ్గరి షాట్, ఒక ఎర్ర చీర, పసుపు బట్టలతో మంగళస్నానం ఫోటో ఒకటి, నల్ల సూట్‌తో రిసెప్షన్ ఫోటో ఒకటి. వాటిలో ల్యాబ్ వైపు నుంచి ఆటో కరెక్షన్ వద్దని స్పష్టంగా చెప్పండి. చాలా ల్యాబుల్లో ఆపరేటరో యంత్రమో తమంతట తామే రంగు సవరించేస్తుంటారు. అప్పుడు మీరు ఎంత జాగ్రత్తగా పంపినా లాభం లేదు.

టీవీలో వేరేగా కనిపించడానికి కారణం ఇంకోటి. టీవీలు సినిమా సిగ్నల్ కోసం 16 నుంచి 235 వరకు ఉన్న అంకెల పరిధిని ఆశిస్తాయి, కంప్యూటర్ 0 నుంచి 255 వాడుతుంది. హెచ్‌డీఎంఐలో ఒకరు ఒకటి పంపి, ఇంకొకరు ఇంకోటి అనుకుంటే నలుపు బూడిదగా మారుతుంది, లేదంటే నల్ల సూట్‌లో మడతలన్నీ కలిసిపోయి గుంటలా కనిపిస్తుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో క్వాంటైజేషన్ రేంజ్ అని, ఎన్‌విడియాలో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ అని ఉంటుంది. అక్కడ ఫుల్ పెట్టి, టీవీలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్‌ని దానికి తగ్గట్టు మార్చండి. పిక్చర్ మోడ్ వివిడ్‌లోంచి తీసి సినిమా లేదా మూవీ మోడ్‌లో పెట్టండి. అయినా సరే, కస్టమర్ టీవీ చూసి రంగు మార్చమంటే మార్చకండి. టీవీ ఫోటోల ఎంపికకే. రంగు మీద మాట టెస్ట్ ప్రింట్ చూపించి మాట్లాడుకోండి, గొడవలు సగం తగ్గుతాయి.

ఇప్పుడు ఆ 80 వేలు ఎక్కడ పెట్టాలో చెబుతాను. మొదట మానిటర్. ఏడేళ్ళు వాడిన మానిటర్‌లో బ్యాక్‌లైట్ తగ్గిపోయి పసుపు వైపు వాలి ఉంటుంది. పైగా అప్పటి చవక 22 అంగుళాలవి చాలావరకు టీఎన్ ప్యానెల్‌వి, అంటే చూసే కోణం మారితే రంగు మారేవి. కుర్చీలో కూర్చుని ఒక ముఖం చూడండి, అలాగే లేచి నిలబడి చూడండి. చర్మం రంగు మారిందంటే దాని మీద రంగు పని చేయడం మానేయండి. కొత్తది, కోణం మారినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ ప్యానెల్ అయి ఉండాలి, ఎస్‌ఆర్‌జీబీ పరిధి 100 శాతం చూపించాలి, ఫ్యాక్టరీలో కాలిబ్రేట్ చేసిన రిపోర్టు పెట్టెలో ఉండాలి. ఆ రిపోర్టులో డెల్టా ఈ అనే అంకె 2 కంటే తక్కువ ఉంటే రంగు తేడా మామూలు కంటికి ఆనదు. 27 అంగుళాలు, 2560 బై 1440 రిజల్యూషన్ ఆల్బమ్ పనికి చక్కగా సరిపోతుంది. అసూస్ ప్రోఆర్ట్, బెంక్యూ పీడీ, డెల్ అల్ట్రాషార్ప్ వరుసల్లో ఇలాంటివి దొరుకుతాయి. ఐజో కలర్‌ఎడ్జ్ అద్భుతమైనది, మీ బడ్జెట్‌కి మాత్రం అందదు, మీ పనికి అంత అవసరమూ లేదు. వంపు తిరిగిన గేమింగ్ మానిటర్లు, 144 హెర్ట్జ్, 165 హెర్ట్జ్ అంటూ చూపించేవి మీకోసం చేసినవి కావు. అడోబీ ఆర్‌జీబీ 99 శాతం చూపించే ఖరీదైన వాటికీ ఇప్పుడు పోవద్దు. ల్యాబ్ తీసుకునేది ఎస్‌ఆర్‌జీబీ అయినప్పుడు ఆ అదనపు రంగులు మీకు ఉపయోగపడవు. పైగా ప్రొఫైల్ పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌లో ఎరుపులు మండిపోతున్నట్టు కనబడి ఇంకో గందరగోళం మొదలవుతుంది.

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళి కొనేటట్టయితే పెన్‌డ్రైవ్‌లో మీ సొంత ఫోటోలు తీసుకెళ్ళండి. ఆ ఎర్ర చీర ఫోటో, తెలుపు నుంచి నలుపుకి మెల్లగా మారే బూడిద పట్టీ ఒకటి చాలు. షాపుల్లో డెమో మానిటర్లు వివిడ్ మోడ్‌లో, పూర్తి వెలుగుతో వెలుగుతుంటాయి. మెనూలోకి వెళ్ళి ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టమని అడగండి. బూడిద పట్టీలో ఎక్కడైనా ఆకుపచ్చో గులాబీయో తొంగిచూస్తోందేమో గమనించండి. పక్కనుంచి, పైనుంచి చూడండి. మూలలు మధ్యకంటే బాగా చీకటిగా ఉంటే ఇంకో పీస్ అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

రెండోది కాలిబ్రేటర్. నా దృష్టిలో మీ జాబితాలో దీన్ని మించిన వస్తువు లేదు. డేటాకలర్ వారి స్పైడర్, కాలిబ్రైట్ వారి డిస్‌ప్లే వరుస మార్కెట్లో దొరుకుతాయి. స్క్రీన్‌కి ఆనించి పెడితే అది రంగులు కొలిచి, మానిటర్ ఎక్కడ తప్పుతోందో లెక్కగట్టి ప్రొఫైల్ తయారుచేస్తుంది. కంటికి పది నిమిషాల్లో ఏ తెలుపైనా తెలుపుగానే అనిపిస్తుంది, ఈ పరికరానికి ఆ బలహీనత లేదు. మానిటర్ ఆన్ చేసి అరగంట ఆగాక మొదలుపెట్టండి. తెలుపు 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు 100 నిట్‌ల చుట్టుపక్కల పెట్టండి. ప్రింట్ ఇంకా ముదురుగా వస్తే 90కి దించండి. నెలకోసారి మళ్ళీ కొలవండి. ధర ఎక్కువనిపిస్తే చుట్టుపక్కల ఫోటోగ్రాఫర్లు ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోండి. నెలకోసారి పనికొచ్చే వస్తువు కాబట్టి పంచుకోవడం కష్టమేమీ కాదు. ఈ పరికరంతో కలిపి వాడుకునే డిస్‌ప్లేకాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది, కాస్త ఓపిగ్గా నేర్చుకుంటే బాగా పనిచేస్తుంది.

రంగు విషయంలో గ్రాఫిక్స్ భాగం నిజంగా చెయ్యి పెట్టేది ఇక్కడే. కాలిబ్రేటర్ తయారుచేసిన సవరణ పట్టిక కంప్యూటర్ ఆన్ అయినప్పుడల్లా గ్రాఫిక్స్‌లోకి ఎక్కుతుంది. మానిటర్ సహజంగా ఎంత ఎక్కువ తప్పితే సవరణ అంత పెద్దదవుతుంది. 8-బిట్‌లో ఉన్న 256 మెట్లలో కొన్ని అందులోనే ఖర్చయిపోతాయి. సాయంకాలపు ఆకాశంలోనో స్టూడియో బ్యాక్‌డ్రాప్‌లోనో చారలు కనిపిస్తే కారణం అది కావచ్చు. మంచి మానిటర్ కొంటే సవరణ చిన్నదవుతుంది, చారలూ తగ్గుతాయి. అందుకే కార్డు కంటే మానిటర్ ముందు.

గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ రంగుని చెడగొట్టే చోట్లు కూడా ఉన్నాయి, ఇవి తప్పకుండా చూడండి. విండోస్‌లో నైట్ లైట్, హెచ్‌డీఆర్ రెండూ ఆపేయండి. ఎన్‌విడియాలో డిజిటల్ వైబ్రెన్స్, ఇంటెల్‌లో కలర్ ఎన్‌హాన్స్‌మెంట్ జరిపి ఉంటే మొదట ఉన్న డిఫాల్ట్ స్థానానికి తెచ్చేయండి. మానిటర్‌లో డైనమిక్ కాంట్రాస్ట్, లో బ్లూ లైట్ తీసేయండి. ఎప్పుడైనా ల్యాప్‌టాప్ మీద పని చేస్తే చార్జర్ పెట్టే చేయండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు పవర్ ఆదా కోసం ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు స్క్రీన్‌లో ఉన్న ఫోటోని బట్టి వెలుగు, కాంట్రాస్ట్ తమంతట తామే మార్చేస్తాయి.

10-బిట్ గురించి అడిగారు. 8-బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు, మొత్తం 1 కోటి 67 లక్షల రంగులు. 10-బిట్‌లో 1024 మెట్లు, మొత్తం 107 కోట్లు. మెట్లు సన్నబడతాయి, రంగు మార్పు నునుపుగా కనిపిస్తుంది. రంగు సరైనదా కాదా అన్నది దీనితో తేలదు. తప్పు ఎరుపు 10-బిట్‌లోనూ తప్పు ఎరుపే. మీరు ల్యాబ్‌కి పంపే జేపెగ్ ఎటూ 8-బిట్టే. ఒకప్పుడు ఫోటోషాప్‌లో 10-బిట్ కావాలంటే ఎన్‌విడియా వారి ఖరీదైన క్వాడ్రో కార్డులే దిక్కు. 2019 జులైలో స్టూడియో డ్రైవర్ ద్వారా మామూలు జీఫోర్స్ కార్డులకీ ఆ సౌకర్యం ఇచ్చేశారు. ఎవరైనా ఫోటోల కోసం ప్రొఫెషనల్ కార్డే తీసుకోవాలంటే ఆ మాట పాతబడిపోయింది. తర్వాతెప్పుడైనా 4కే మానిటర్ తీసుకుంటే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడండి. 60 హెర్ట్జ్‌లో 4కే, 10-బిట్ ఆర్‌జీబీ హెచ్‌డీఎంఐ 2.0లో పట్టదు, అప్పుడు రంగు సమాచారం కుదించి పంపుతుంది.

మరి కార్డు అసలు అక్కర్లేదా? కావాలి, వేగం కోసం. లైట్‌రూమ్‌లో 2023 ఏప్రిల్‌లో వచ్చిన, ఫోటోలోని గరుకు చుక్కలు తీసేసే డీనాయిజ్, ఫంక్షన్ హాల్ చీకట్లో ఎక్కువ ఐఎస్ఓతో తీసిన ఫోటోలకి వరం లాంటిది. మీ ఇప్పటి గ్రాఫిక్స్ మీద ఒక్కో ఫోటోకి నిమిషాలు పడుతుంది. 8 జీబీ మెమరీ ఉన్న మధ్యస్థాయి కార్డు మీద సెకన్లలో అవుతుంది. మాస్కులు, సబ్జెక్ట్ సెలెక్షన్, పెళ్ళి టీజర్ వీడియోల ఎడిటింగ్ కూడా వేగం అందుకుంటాయి. అందుకని మానిటర్, కాలిబ్రేటర్ అయ్యాక ముందు ర్యామ్ 32 జీబీకి పెంచండి. మిగిలింది చాలకపోతే ఆగండి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి కొత్త మానిటర్‌తో ల్యాబ్ టెస్ట్ ప్రింట్లు సరిచూసుకోవడానికి ఆ నెల వాడుకోండి. శ్రావణం పెళ్ళిళ్ళ డబ్బు చేతికొచ్చాక 8 జీబీ జీఫోర్స్ కార్డు తీసుకోండి. కొనేముందు మీ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) ఎన్ని వాట్లు, క్యాబినెట్‌లో కార్డు పొడవు పడుతుందా అని చూడండి. మూడు ఫ్యాన్లు, రంగు లైట్లు ఉన్నదానికి అదనంగా కట్టొద్దు. ఎండాకాలంలో ఏసీ లేని గదిలో వేడి తగ్గించుకోవడమే పెద్ద పని. కార్డు పెట్టాక మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డ్‌లోంచి తీసి కార్డుకే పెట్టండి, గేమ్ రెడీ డ్రైవర్ బదులు స్టూడియో డ్రైవర్ వేయండి, కాలిబ్రేషన్ మళ్ళీ ఒకసారి చేయండి.

సెకండ్ హ్యాండ్ సంగతి. మానిటర్ మాత్రం వద్దు, బ్యాక్‌లైట్ ఎన్ని గంటలు వెలిగిందో మనకు తెలియదు. కాలిబ్రేటర్ కూడా పాత రకాలు వద్దు, వాటిలో కొన్నిటి ఫిల్టర్లు కాలంతో వెలిసిపోయి కొలతే తప్పు వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు మాత్రం జాగ్రత్తపడి తీసుకోవచ్చు, ఎందుకంటే అది పనిచేసినన్నాళ్ళూ అంకెలు సరిగానే పంపుతుంది, రంగు విషయంలో వయసు దాన్ని ఏమీ చేయదు. 2022 సెప్టెంబరులో ఎథీరియమ్ మైనింగ్ ఆగిపోయాక రాత్రింబగళ్ళు తిరిగిన కార్డులు చాలా అమ్మకానికి వచ్చాయి. అందుకని అంతకుముందు నాటి మోడల్ అయితే మరింత జాగ్రత్త. ఒరిజినల్ బిల్లు, కార్డు మీది సీరియల్ నంబరు రెండూ కలుస్తున్నాయా, కంపెనీ వారంటీ ఇంకా ఉందా చూడండి. అమ్మేవాళ్ళ కంప్యూటర్‌లోనే పెట్టించి, అరగంట బరువైన పని నడిపించి, స్క్రీన్ మీద చుక్కలు గానీ గీతలు గానీ రాలేదని నిర్ధారించుకున్నాకే డబ్బివ్వండి.